పాత పోలీసు కేసు ఉంటే కెనడా వర్క్ పర్మిట్‌కి ఎలా అప్లై చేయాలి

"అన్నా, డ్రంక్ అండ్ డ్రైవ్‌లో ఒకసారి దొరికాను. కోర్టుకెళ్లి ఫైన్ కట్టేశాను, కేసు అయిపోయింది. ఇప్పుడు కెనడాలో జాబ్ ఆఫర్ వచ్చింది. ఫారంలో ఆ సంగతి రాయాలా, వదిలేయాలా?"

ఈ ప్రశ్న నన్ను మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. ఒకరిది కాలేజీ రోజుల కొట్లాట, ఒకరిది చెక్ బౌన్స్, ఇంకొకరిది భార్యాభర్తల గొడవలో పెట్టిన కేసు. కేసు ఏదైనా "అయిపోయింది" అన్న మాట మాత్రం అందరి నోటా వినిపిస్తుంది. చిక్కంతా ఆ మాటలోనే ఉంది. పోలీసులు మళ్లీ ఫోన్ చేయకపోతే అయిపోయిందని మనం అనుకుంటాం. వీసా ఆఫీసరు మాత్రం ఎలా అయిపోయిందని అడుగుతాడు. శిక్ష పడిందా, కొట్టేశారా, రాజీ అయిందా? ఏ తేదీన? కాగితం ఏది? ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు చేతిలో ఉంటే సగం టెన్షన్ తీరినట్టే.

ఇది భారత పాస్‌పోర్టుతో కెనడాకు తాత్కాలిక వర్క్ పర్మిట్ మీద వెళ్లేవాళ్ల కోసం రాస్తున్నాను. ఎక్కడ లాయరు తప్పనిసరో ఆయా చోట్ల చెబుతాను.

ముందు తెలుసుకోవలసిన నియమం ఒక్కటే

కెనడా ఇమిగ్రేషన్ చట్టంలో 36వ సెక్షన్ ఉంది. మీ దేశంలో ఆ నేరాన్ని ఏమన్నారు, మీకు ఎంత శిక్ష వేశారు అన్నదాని కంటే, అదే పని కెనడాలో చేసి ఉంటే అక్కడి చట్టం ప్రకారం ఏ నేరమయ్యేది, దానికి గరిష్ఠంగా ఎంత శిక్ష పడే వీలుంది అన్నదే అందులో లెక్క. గరిష్ఠ శిక్ష 10 ఏళ్లు లేదా అంతకు మించి ఉంటే దాన్ని "సీరియస్ క్రిమినాలిటీ" అంటారు. అంతకంటే తక్కువదైతే మామూలు "క్రిమినాలిటీ". కెనడాలో చాలా నేరాలను చిన్న పద్ధతిలోనైనా, పెద్ద పద్ధతిలోనైనా విచారించే వీలుంది. ఇమిగ్రేషన్ లెక్కలో అలాంటివన్నీ పెద్ద పద్ధతి కిందికే వస్తాయి. కాబట్టి "నాకు పడింది రెండు వేల ఫైనే కదా" అన్న వాదన అక్కడ నిలవదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. మీరు చేసిన పని కెనడాలో అసలు నేరమే కాకపోతే, మీ దేశంలో శిక్ష పడినా ఈ సెక్షన్ అడ్డురాదు. అందుకే కేసు ఉందనగానే ఆశ వదులుకోకండి.

కావలసినవి

- ఎఫ్ఐఆర్ కాపీ
- ఛార్జిషీటు, లేదా పోలీసులు కేసు మూసేసి ఉంటే వాళ్ల ఫైనల్ రిపోర్టు
- కోర్టు తీర్పు లేదా తుది ఉత్తర్వు, సర్టిఫైడ్ కాపీ
- శిక్ష పూర్తయినట్టు రుజువు: ఫైన్ రసీదు, ప్రొబేషన్ (జైలుకు బదులు కోర్టు పెట్టే సత్ప్రవర్తన గడువు) ముగిసిన కాగితం, లైసెన్స్ సస్పెన్షన్ ఎప్పటిదాకా ఉందో తెలిపే ఉత్తర్వు
- మీమీద పెట్టిన సెక్షన్ పూర్తి పాఠం, అప్పట్లో అమల్లో ఉన్నది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అంతకు ముందు జరిగిన నేరమైతే ఐపీసీ సెక్షనే జతచేయాలి.
- పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, అంటే పీసీసీ
- తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లిషు అనువాదం, అనువాదకుడి అఫిడవిట్
- ఇంతవరకు ఏ దేశానికైనా మీరు పెట్టిన వీసా అప్లికేషన్ల కాపీలు. ఇవి ఎందుకో 6వ దశలో చెబుతాను.

1. కేసు అసలు స్థితి ఏమిటో తేల్చుకోండి

స్టేషన్‌లో తెలిసిన కానిస్టేబుల్ చెప్పిన మాట మీద ఆధారపడకండి. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో గానీ, యాప్‌లో గానీ సీఎన్ఆర్ నంబరు కొట్టి చూడండి. అది ప్రతి కోర్టు కేసుకూ విడిగా ఉండే, 16 అక్షరాలు, అంకెలు కలిసిన నంబరు. అది లేకపోతే పార్టీ పేరుతోనో, ఎఫ్ఐఆర్ నంబరుతోనో వెతకొచ్చు. పేరు రకరకాల స్పెల్లింగులతో ఎక్కి ఉంటుంది, ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి వెతకండి.

మీ కేసు వీటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది.

*తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టారు.* చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. జడ్జి ముందు "తప్పు ఒప్పుకుంటున్నాను" అని చెప్పి ఫైన్ కడితే, చట్టం దృష్టిలో మీరు దోషిగా తేలినట్టే. అది శిక్షే. చలానా కట్టినంత తేలిక పని కాదది. అదే సిగ్నల్ జంప్‌కో, హెల్మెట్ లేనందుకో వచ్చిన మామూలు ట్రాఫిక్ చలానా అయితే దాని గురించి బెంగ అక్కర్లేదు.

*లోక్ అదాలత్‌లోనో, కోర్టులోనో రాజీ అయింది.* రాజీకి వీలున్న నేరమై, కోర్టు దాన్ని నమోదు చేసి ఉంటే, మన చట్టం ప్రకారం అది నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. కానీ ఊళ్లో పెద్దల ముందు రాజీపడి కోర్టుకు వెళ్లడం మానేస్తే కేసు ఇంకా నడుస్తూనే ఉంటుంది. వాయిదాలకు రాలేదని వారెంట్ కూడా పుట్టి ఉండొచ్చు. ఇలా తెలియకుండా వారెంట్ నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నవాళ్లను నేను చూశాను.

*కోర్టు కొట్టేసింది, లేదా హైకోర్టు క్వాష్ చేసింది.* మంచిదే. ఆ ఉత్తర్వు సంపాదించండి.

*పోలీసులే మూసేశారు.* వాళ్లు ఇచ్చిన ఫైనల్ రిపోర్టును కోర్టు ఆమోదించిందా అని చూసుకోండి. ఆమోదించిన కాగితమే పనికొస్తుంది.

*ఇంకా పెండింగ్‌లో ఉంది.* ఇక్కడ ఆగండి. భారత పాస్‌పోర్టుల చట్టం 1967లోని 6(2)(ఎఫ్) ప్రకారం క్రిమినల్ కేసు కోర్టులో పెండింగ్ ఉంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. అయితే 1993 ఆగస్టు 25 నాటి నోటిఫికేషన్ ప్రకారం కేసు నడుస్తున్న కోర్టు విదేశానికి వెళ్లడానికి అనుమతి ఇస్తే పాస్‌పోర్టు పొందే వీలుంది. ఇక కెనడా వైపు చూస్తే, శిక్ష పడకపోయినా నేరం చేశారని నమ్మడానికి తగిన ఆధారం ఉంటే చాలు, ఆఫీసరు అడ్డుపెట్టగలడు. పెండింగ్ కేసుతో అప్లై చేసేవాళ్లు ఒంటరిగా ముందుకు పోవద్దు. ఇక్కడ క్రిమినల్ లాయరు, అక్కడ ఇమిగ్రేషన్ లాయరు, ఇద్దరూ కావాలి.

2. సర్టిఫైడ్ కాపీలు తీయించండి

కేసు నడిచిన కోర్టులోనే కాపీ అప్లికేషన్ వేయాలి. కోర్టు మీ కేసుకిచ్చిన సీసీ నంబరు లేదా ఎస్‌టీసీ నంబరు, తీర్పు తేదీ రాయాలి. లాయరు గుమాస్తాకు ఈ పని కొట్టినపిండి. పాత లాయరు దొరక్కపోతే వేరే లాయరు ద్వారానైనా వేయించవచ్చు. జిరాక్స్ కాపీలతో సరిపెట్టకండి, కోర్టు ముద్ర ఉన్నదే కావాలి.

చిన్న కేసుల రికార్డులను కొన్నేళ్ల తర్వాత తీసేస్తారు. అలా అయి ఉంటే "రికార్డు లభ్యం కావడం లేదు" అని కోర్టు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట పనికిరాదు.

ఇక అనువాదం. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మీరు గానీ, మీ కుటుంబసభ్యులు గానీ అనువదించకూడదు. అనువదించిన వ్యక్తి అఫిడవిట్ ఉండాలి. ఇచ్చింది చేతికి రాగానే మాట మాటా పోల్చి చూడండి. నాకు తెలిసిన ఒకబ్బాయి ఎఫ్ఐఆర్‌లో "ముద్దాయి" అని ఉన్న ప్రతిచోటా అనువాదకుడు "కన్విక్ట్" అని రాశాడు. మన పోలీసు, కోర్టు కాగితాల్లో ముద్దాయి అంటే కేసులో నిందితుడు, ఇంగ్లిషులో "అక్యూజ్డ్". కన్విక్ట్ అంటే శిక్ష పడిన దోషి. ఆ అబ్బాయి మీద కేసు కొట్టేశారు, కానీ అనువాదం చదివినవాళ్లకు శిక్ష పడినట్టే కనిపిస్తుంది. అప్లోడ్ చేయబోతుండగా పట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. ముద్దాయి, నిందితుడు, దోషి, ఫిర్యాది, రాజీ, కొట్టివేత: ఈ ఆరు మాటలు ఎక్కడ వచ్చినా వేలు పెట్టి చూసుకోండి.

3. కెనడాలో దానికి సమానమైన నేరం ఏదో చూడండి

కెనడా క్రిమినల్ కోడ్ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. మీ కేసులో జరిగిందేమిటో ఒక వాక్యంలో రాసుకుని, అలాంటి సెక్షన్ వెతకండి. తరచుగా అడిగేవి ఇవి.

డ్రంక్ అండ్ డ్రైవ్. ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది ఇదే. కెనడాలో దీని గరిష్ఠ శిక్షను 2018 డిసెంబరు 18 నుంచి 10 ఏళ్లకు పెంచారు. అంటే ఆ తేదీన గానీ, ఆ తర్వాత గానీ జరిగిన ఘటన అయితే మొదటిసారి దొరికినా, ఎవరికీ దెబ్బ తగలకపోయినా అది సీరియస్ క్రిమినాలిటీ. అంతకు ముందు జరిగి ఉంటే మామూలు క్రిమినాలిటీగా చూసే వీలుంది. కాబట్టి ఘటన జరిగిన తేదీ మీకు ప్రాణం లాంటిది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌లో పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్. కెనడా క్రిమినల్ కోడ్‌లో ఆ పరిమితి 80. బ్రీత్ ఎనలైజర్ స్లిప్‌లో మీ రీడింగ్ 54 అని ఉందనుకోండి. ఇక్కడ అది నేరం, శిక్ష పడింది. కెనడాలో 80 అన్న పరిమితి ప్రకారం అది నేరం కాదు. అయితే కెనడాలో అంకెతో సంబంధం లేకుండా, మత్తు వల్ల బండి నడిపే సామర్థ్యం తగ్గినా నేరమే. కాబట్టి పోలీసు కాగితంలో "తూలుతున్నాడు", "బండి డివైడర్‌కు కొట్టాడు" లాంటి మాటలున్నాయేమో చూడండి. అలాంటివేమీ లేక రీడింగ్ 80 లోపు ఉంటే మీ వాదనకు బలం ఉంది. దాన్ని లాయరు చేత రాయించండి. ఆ చిన్న స్లిప్‌ను పారేయకండి. పోయి ఉంటే ఛార్జిషీటుతో పాటు కోర్టులో దాఖలు చేసిన దాని కాపీ తీయించండి.

కొట్లాట. మామూలుగా చేయి చేసుకోవడం కెనడాలో గరిష్ఠంగా 5 ఏళ్ల నేరం, అంటే క్రిమినాలిటీ. కర్రో, కత్తో, సీసానో వాడినా, గాయం అయినా 10 ఏళ్ల నేరం కిందికి పోతుంది. ఎఫ్ఐఆర్‌లో "కర్రతో" అన్న ఒక్క మాట మీ కేసును ఒక బుట్టలోంచి ఇంకో బుట్టలోకి నెట్టగలదు. తీర్పులో ఏది రుజువైందో, ఏది వట్టి ఆరోపణగా మిగిలిందో విడదీసి చూపించండి.

498ఏ. కట్నం వేధింపు అన్న పేరుతో కెనడాలో నేరం లేదు. అంతమాత్రాన ఊపిరి పీల్చుకోకండి. కొట్టాడని, చంపుతానని బెదిరించాడని ఛార్జిషీటులో ఉంటే ఆఫీసరు ఆ పనులను అక్కడి సెక్షన్లతో పోలుస్తాడు. కుటుంబం మొత్తం మీద పెట్టిన కేసులో మీ పేరు చివర్న ఎక్కడో ఉంటే, మీరు చేశారని ప్రత్యేకంగా ఏమన్నా రాశారో లేదో వెతకండి.

చెక్ బౌన్స్. ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగి వచ్చినంత మాత్రాన కెనడాలో క్రిమినల్ నేరం కాదు. మోసం చేసే ఉద్దేశంతో ఇచ్చి ఉంటే నేరమే. కేసు కేవలం చెక్ బౌన్స్ సెక్షన్ 138 కిందే ఉందా, పక్కన మోసం సెక్షన్ 420 కూడా తగిలించారా చూసుకోండి. 420 ఉంటే, సొమ్ము 5,000 కెనడా డాలర్లు దాటితే, అక్కడ అది 14 ఏళ్ల దాకా శిక్ష పడే మోసం.

దొంగ సర్టిఫికెట్లు. నకిలీ పత్రం తయారు చేయడమైనా, వాడటమైనా 10 ఏళ్ల నేరం. దీనికి లాయరు తప్పదు.

18 ఏళ్లు నిండక ముందు జరిగి, బాలల కోర్టులో నడిచిన కేసులకు చాలావరకు మినహాయింపు ఉంటుంది. ఆ కోర్టు ఉత్తర్వు, పుట్టిన తేదీ రుజువు ఉంచుకోండి.

4. తేదీలు లెక్కేయండి

శిక్ష పడినవాళ్లకే ఈ దశ. లెక్క నేరం జరిగిన రోజు నుంచి కాదు, శిక్ష మొత్తం పూర్తయిన రోజు నుంచి మొదలవుతుంది.

- ఫైన్ మాత్రమే అయితే: కట్టిన రోజు నుంచి
- జైలు అయితే: శిక్షాకాలం ముగిసిన రోజు నుంచి, పెరోల్ ఉంటే అది ముగిసిన రోజు నుంచి
- ప్రొబేషన్ ఉంటే: అది ముగిసిన రోజు నుంచి
- బండి నడపకూడదని నిషేధం ఉంటే: ఆ నిషేధం ముగిసిన రోజు నుంచి

ఉదాహరణకు, 2017 ఫిబ్రవరిలో దొరికారు. మార్చి 12న ఫైన్ కట్టారు. లైసెన్స్ ఆరు నెలలు సస్పెండ్ చేశారు, అది సెప్టెంబరు 12న ముగిసింది. మీ లెక్క 2017 సెప్టెంబరు 12న మొదలవుతుంది. ఫైన్ రసీదు చూసుకుని మార్చి నుంచి లెక్కేసినవాళ్లు ఆరు నెలలు ముందే అప్లై చేసి దెబ్బతింటారు.

ఇప్పుడు మీకున్న దారులు.

*డీమ్డ్ రిహాబిలిటేషన్.* కెనడా లెక్కలో 10 ఏళ్ల లోపు శిక్ష పడే ఒకే ఒక్క నేరం అయి, శిక్ష ముగిసి 10 ఏళ్లు నిండి, మధ్యలో ఇంకే కేసూ లేకపోతే, మీరు మారినట్టు చట్టమే భావిస్తుంది. ప్రత్యేకంగా అప్లికేషన్ అక్కర్లేదు, కానీ కాగితాలన్నీ చూపించాల్సిందే. పై ఉదాహరణలో ఇది 2027 సెప్టెంబరులో వస్తుంది. సీరియస్ క్రిమినాలిటీకి ఈ దారి లేదు, ఎన్నేళ్లు గడిచినా రాదు.

*వ్యక్తిగత రిహాబిలిటేషన్.* శిక్ష ముగిసి 5 ఏళ్లు నిండితే ఐఎంఎం 1444 ఫారంతో మీరే అడగాలి. ఉద్యోగం, కుటుంబం, మళ్లీ తప్పు చేయలేదనడానికి ఆధారాలు పెట్టాలి. నిర్ణయానికి ఏడాది కంటే ఎక్కువ కూడా పట్టవచ్చు. ఆమోదం వస్తే ఆ నేరం విషయంలో అది శాశ్వతం.

*టెంపరరీ రెసిడెంట్ పర్మిట్, టీఆర్‌పీ.* 5 ఏళ్లు నిండనివాళ్లకు, లేదా రిహాబిలిటేషన్ కోసం ఆగే వ్యవధి లేనివాళ్లకు. మీరు ఇప్పుడే ఎందుకు రావాలో, మీవల్ల ముప్పు ఎందుకు లేదో ఆఫీసరును ఒప్పించాలి. "మంచి జీతం వస్తుంది" అన్నది మీ అవసరం. మీరు రాకపోతే అక్కడి పని ఎలా ఆగిపోతుందో కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసిస్తే దానికి విలువ ఉంటుంది. ఇది ఇచ్చినన్నాళ్లే చెల్లుతుంది. మళ్లీ ప్రవేశించవచ్చని దాని మీద అనుమతి లేకపోతే, సెలవులకు ఇంటికి వస్తే అక్కడితో చెల్లిపోతుంది.

రిహాబిలిటేషన్‌కు అర్హత ఉంటే జాబ్ ఆఫర్ వచ్చేదాకా ఆగకండి. ఇప్పుడే వేయండి. ఆఫర్ చేతికి వచ్చాక మొదలుపెడితే ఎల్ఎంఐఏ (విదేశీయుడిని పనిలో పెట్టుకోవడానికి కంపెనీ తెచ్చుకునే కెనడా ప్రభుత్వ అనుమతి) గడువు ముందే అయిపోతుంది, కంపెనీ ఇంకొకరిని చూసుకుంటుంది.

5. పీసీసీ తీసుకోండి

భారత్‌లో ఉంటే పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లో 500 రూపాయలు కట్టి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. గల్ఫ్‌లోనో, ఇంకెక్కడో ఉంటే మన ఎంబసీ ద్వారా. వర్క్ పర్మిట్‌కు ఏయే దేశాల పీసీసీలు కావాలో మీ అప్లికేషన్‌లో వచ్చే చెక్‌లిస్టు చెబుతుంది. తర్వాత పీఆర్‌కు, అంటే శాశ్వత నివాసానికి, వెళ్లే ఆలోచన ఉంటే, గత 10 ఏళ్లలో వరుసగా 6 నెలలు లేదా అంతకు మించి ఉన్న ప్రతి దేశానిదీ అడుగుతారు. ఏ దేశంలోనైనా పని ముగించుకుని వచ్చేస్తుంటే విమానం ఎక్కేముందే అక్కడి పీసీసీ తీసేసుకోండి. వచ్చాక తెప్పించడం నరకం.

ఒక హెచ్చరిక: పీసీసీలో ఏమీ లేదని వచ్చినంత మాత్రాన మీకు చెప్పాల్సింది ఏమీ లేదని కాదు. పీసీసీ ఒక కాగితం, ఫారంలోని ప్రశ్న వేరు.

6. ఫారం నింపండి, "అవును" అని రాయండి

వర్క్ పర్మిట్ ఫారం ఐఎంఎం 1295లో అడిగేది ఇది: ఏ దేశంలోనైనా ఎప్పుడైనా నేరం చేశారా, అరెస్టయ్యారా, మీపై అభియోగం మోపారా, శిక్ష పడిందా? నాలుగు మాటల్లో ఏ ఒక్కటి మీకు వర్తించినా జవాబు "అవును". అరెస్టయి తర్వాత నిర్దోషిగా బయటపడినా "అవును"నే. చివరి మాట ఒక్కటే చదివి "నాకు శిక్ష పడలేదుగా" అని "కాదు" టిక్ చేసేవాళ్లు ఎంతమందో.

అబద్ధం రాస్తే అది వేరే తప్పవుతుంది. అదే చట్టం 40వ సెక్షన్ ప్రకారం 5 ఏళ్లు కెనడాలో అడుగుపెట్టనివ్వరు. నిజం చెబితే అడ్డురాని చిన్న కేసు కూడా, దాచినందువల్ల 5 ఏళ్ల నిషేధంగా మారుతుంది. నాకు బాధ కలిగించేది ఇదే. కేసు వల్ల ఆగినవాళ్ల కంటే దాచి ఆగినవాళ్లను చూసినప్పుడే ప్రాణం ఉసూరుమంటుంది.

తెలియదులే అనుకోకండి. వేలిముద్రలు ఇస్తారు కదా. కెనడా, అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఇమిగ్రేషన్ సమాచారాన్ని ఒకదానితో ఒకటి సరిచూసుకుంటాయి. అందుకే పాత వీసా అప్లికేషన్లు దగ్గర పెట్టుకోమన్నాను. అప్పుడెప్పుడో అమెరికా ఫారంలో ఒకటి రాసి, ఇప్పుడు ఇక్కడ ఇంకొకటి రాస్తే ఆ తేడాయే సమస్య. అప్పుడు తప్పు రాసి ఉంటే ఇప్పుడు నిజం రాసి, ఆ తేడాను మీరే వివరించండి. దీనికి లాయరు సలహా తీసుకోండి. వీసా నిరాకరణల గురించి కూడా అదే ఫారంలో అడుగుతారు. అక్కడా ఇదే పద్ధతి.

"నేను చూసుకుంటాను, కాదు అని పెట్టేద్దాం" అనే ఏజెంట్‌కు అక్కడే నమస్కారం పెట్టేయండి. సంతకం మీది, నిషేధం మీకే. డబ్బు తీసుకుని మీ తరఫున పనిచేసేవాళ్లు కెనడాలో లైసెన్స్ ఉన్న లాయరో, కన్సల్టెంటో అయి ఉండాలి. కన్సల్టెంట్ల పేర్లు సీఐసీసీ అనే నియంత్రణ సంస్థ వెబ్‌సైట్‌లో వెతికి చూసుకోవచ్చు. ఏజెంట్ నింపిన ఫారం మొత్తం పీడీఎఫ్ మీరు చదివాకే సబ్మిట్ చేయనివ్వండి.

వివరణ లేఖ ఒక పేజీ చాలు. ఇలా ఉండాలి:

"2017 ఫిబ్రవరి 18న రాత్రి వాహన తనిఖీలో నా రీడింగ్ 54గా నమోదైంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద కేసు పెట్టారు. మార్చి 12న కోర్టులో తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టాను. లైసెన్స్ సస్పెన్షన్ సెప్టెంబరు 12న ముగిసింది. ప్రమాదం జరగలేదు, ఎవరికీ గాయం కాలేదు. ఆ తర్వాత నాపై ఏ కేసూ లేదు. కాగితాలు 1 నుంచి 6 వరకు జతచేశాను."

తేదీలు, సెక్షన్, ఫలితం, కాగితం నంబరు. స్నేహితుడు బలవంతం చేశాడని, పోలీసులు కావాలని ఇరికించారని రాయకండి. కోర్టులో తప్పు ఒప్పుకున్న చోట ఇక్కడ ఒప్పుకోకపోతే మీ మాట మీదే నమ్మకం పోతుంది.

7. సబ్మిట్ చేసేముందు, చేశాక

వర్క్ పర్మిట్ ఫీజు 155 కెనడా డాలర్లు, బయోమెట్రిక్స్ 85. రిహాబిలిటేషన్, టీఆర్‌పీల ఫీజులు మారుతుంటాయి, కట్టే రోజు అధికారిక వెబ్‌సైట్‌లో చూసే కట్టండి.

సబ్మిట్ చేసేముందు ఈ సరిచూపు చేయండి. కేసు తెలియని ఒక స్నేహితుడికి మీ లేఖ, కాగితాలు ఇచ్చి, ఏం జరిగిందో, ఎప్పుడు ముగిసిందో చెప్పమనండి. తను ఎక్కడ తడబడితే అక్కడ కాగితం తక్కువైందన్నమాట. ఎఫ్ఐఆర్, తీర్పు, లేఖ, ఫారం: నాలుగింటిలోనూ పేరు స్పెల్లింగు, తేదీలు ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. తీర్పులో స్పెల్లింగు వేరుగా ఉంటే ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ పెట్టండి.

మధ్యలో ఆఫీసరు నుంచి ప్రొసీజరల్ ఫెయిర్‌నెస్ లెటర్ రావచ్చు. "ఈ విషయంలో మాకు అనుమానం ఉంది, జవాబు చెప్పండి" అని దాని అర్థం. భయపడి వదిలేయకండి, తిరస్కరించే ముందు మీకిచ్చే అవకాశం అది. గడువు తేదీ చూసుకుని, అదేరోజు లాయరును పట్టుకోండి. ఈ ఉత్తరం స్పామ్ ఫోల్డర్‌లో పడి గడువు దాటిపోయినవాళ్లున్నారు. రోజూ చూడండి. ఏజెంట్ ఈమెయిల్ ఇచ్చి ఉంటే ఆ ఉత్తరం మీదాకా రానే రాదు.

తిరస్కరిస్తే వెంటనే మళ్లీ వేయకండి. ఆఫీసరు లోపల రాసుకున్న నోట్సు తెప్పించుకోవచ్చు, కెనడాలో ఉన్నవాళ్లెవరికైనా సమ్మతి పత్రం ఇచ్చి వాళ్ల ద్వారా అడిగించండి. ఏ సెక్షన్ కింద ఆపారో అందులో తెలుస్తుంది. 36 అయితే మీ దారి రిహాబిలిటేషన్ లేదా టీఆర్‌పీ. 40 అయితే లాయరు.

8. విమానాశ్రయంలో

మీకు మెయిల్‌లో వచ్చిన ఆమోదపు లెటర్ వర్క్ పర్మిట్ కాదు. అసలు పర్మిట్‌ను కెనడాలో దిగాక అక్కడి సరిహద్దు అధికారి ఇస్తాడు. లోపలికి పంపాలా వద్దా అన్నది ఆ అధికారి చేతిలో ఉంటుంది, కేసు సంగతి మళ్లీ అడగవచ్చు. కాగితాల ఫైలు చేతి బ్యాగులో ఉండాలి, చెక్-ఇన్ లగేజీలో కాదు. లేఖలో రాసిందే చెప్పండి. ఇంగ్లిషు తడబడితే అనువాదకుడు కావాలని అడగండి, తప్పేం లేదు. అధికారి ప్రవేశానికి ఒప్పుకోక, మీరే వెనక్కి వెళ్లవచ్చని అంటే, ఆ కాగితంలో ఏముందో చదివి అర్థమయ్యాకే సంతకం పెట్టండి. మీ అంతట మీరు వెనక్కి రావడం వేరు, బహిష్కరణ ఉత్తర్వు వేరు. రెండోది తర్వాతి ప్రతి అప్లికేషన్‌లోనూ వెంటాడుతుంది.

పర్మిట్ చేతికి రాగానే కౌంటర్ దగ్గరే పేరు, పుట్టిన తేదీ, కంపెనీ పేరు, గడువు తేదీ చదవండి. తప్పుంటే అక్కడే చెబితే సరిచేస్తారు. టీఆర్‌పీ మీద వెళ్లినవాళ్లు దాని గడువు కూడా చూసుకుని, రెండింటిలో ముందుగా ముగిసే తేదీని ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

రిహాబిలిటేషన్ ఆమోదపు లెటర్ వచ్చి ఉంటే స్కాన్ చేసి రెండు మూడు చోట్ల దాచండి. పర్మిట్ పొడిగింపుకు వెళ్లినప్పుడు అదే ప్రశ్న మళ్లీ ఎదురవుతుంది. అప్పుడు కూడా "అవును" అనే రాసి, ఆ లెటర్ జతచేయాలి.